హోమ్ ప్లేటు దగ్గర మిస్ లియోనా

వోండ్రా క్రాసింగ్‌లో ఎవరినైనా పట్టుకుని మిస్ లియోనా గొంతు ఎలా ఉంటుందని అడిగితే ముందు చెవులు మూసుకుని చూపిస్తారు, ఆ తర్వాత నవ్వుతారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా లియోనా వ్రానా ఆ ఊరి స్కూలు బస్సు నడుపుతోంది, పెళ్ళయి కొడుకున్నా ఊరందరికీ మిస్ లియోనాయే. పదకొండేళ్ళుగా శనివారాల్లో పిల్లల బేస్‌బాల్ ఆటలకి అంపైర్‌గా నిలబడుతోంది. రెండు పనులకీ గొంతు ఒక్కటే. బస్సులో వెనక సీటెక్కి గెంతేవాడు ఆ గొంతు వినగానే చతికిలబడతాడు. మైదానంలో ఆమె "స్ట్రైక్!" అని అరిస్తే రైలు పట్టాలకి అవతల మేస్తున్న ఆవులు తలలెత్తి చూస్తాయి.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం బస్తాలు మోసేవాడి భుజాల్లా ఉంటాయి. మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని, ముఖానికి ఇనప చువ్వల మాస్కు తగిలించుకుని, బంతి పట్టే క్యాచర్ వెనక వంగి నిలబడిందంటే ఆ గంటన్నర ఆమె మాటే మాట. పొరపాటు పడ్డానేమోనని వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు ఆమెకి లేదు. "పొరపాటు పడితే పడ్డాను. ఇద్దరికీ సమానంగా పడతాను" అంటుంది.

కానీ ఒకప్పుడు ఆమె, అంపైర్ వెనక కట్టిన ఇనప వలకి ఇవతల, తల్లిదండ్రుల వైపు నిలబడిన మనిషే. అక్కడ నిలబడి ఆమె అరిచిన అరుపులు ఊళ్ళో పాతవాళ్ళకి ఇంకా గుర్తే.

అప్పుడు ఆమె కొడుకు రసెల్‌కి పదమూడేళ్ళు. సన్నగా, ఎండిన పుల్లలా ఉండేవాడు. వాడు బ్యాట్ పట్టుకుని నిలబడితే చాలు, లియోనా వల పట్టుకుని మొదలుపెట్టేది. "మోచెయ్యి ఎత్తు! కాళ్ళు దగ్గర పెట్టకు! ఆ బంతిని ఎందుకు వదిలేశావురా?" భర్త ఆల్విన్ ఇనప గేట్లు, పశువుల కొట్టాలు వెల్డింగ్ చేసే మనిషి, నోట్లోంచి మాట రాదు. అతను గ్యాలరీలో అందరికంటే పై మెట్టు మీద, ఆమెకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉండేవాడు.

ఒక శనివారం కొట్టదగ్గ బంతిని మూడోసారి వదిలేసి, మూడో స్ట్రైక్‌తో రసెల్ అవుటయ్యాడు. అంపైర్ ఆర్డ్‌వే అనే పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైన నల్లజాతి మనిషి. ఊళ్ళో ఆయన్ని ఎవరూ ఉత్త పేరుతో పిలిచేవారు కాదు, అందరికీ ఆర్డ్‌వే గారే. లియోనా ఆయన్నీ వదల్లేదు. "కళ్ళజోడు మార్చుకోండి ఆర్డ్‌వే గారూ! నా కొడుకు మీకేం అపకారం చేశాడు?" అని మైదానమంతా వినపడేలా అరిచింది. రసెల్ బ్యాట్ కింద పెట్టాడు. ఆటగాళ్ళ షెడ్డులోకి వెళ్ళకుండా తిన్నగా గేటు దాటి వెళ్ళిపోయి తండ్రి పికప్ వ్యాన్ వెనక ఎక్కి కూర్చున్నాడు. తలమీది హెల్మెట్ తియ్యలేదు. ఇంటికొచ్చాకా తియ్యలేదు. భోజనాల దగ్గర ఆల్విన్ మెల్లగా దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, బ్యాట్ పట్టుకుంటే నాకు బంతి కనిపించడం లేదు" అన్నాడు రసెల్. "నీ గొంతే కనిపిస్తోంది."

మర్నాటి నుంచి వాడు మైదానం వైపు వెళ్ళలేదు. ఇప్పుడు సముద్రం ఒడ్డున పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. సంతోషంగానే ఉన్నాడు. అమ్మతో వారానికోసారి ఫోన్లో మాట్లాడతాడు. బేస్‌బాల్ ఊసు మాత్రం ఇద్దరి మధ్యా రాదు.

వాడు ఆట మానేసిన ఆ వారం లియోనా వాడి మీద అలిగింది. తర్వాత తన మీద తనకే కోపం వచ్చింది. చివరికి కొలాచీలు, అప్రికాట్ పండు నింపిన తీపి రొట్టెలు, ఒక పళ్ళెం నిండా కాల్చి ఆర్డ్‌వే గారింటికి పట్టుకెళ్ళింది.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"రొట్టెలు తెచ్చావుగా, చాలు" అన్నాడాయన ఒకటి నోట్లో వేసుకుని. "వచ్చే శనివారం ఎనిమిదేళ్ళ పిల్లల ఆటకి అంపైర్ లేడు. నీకు ఇంత తెలుసు కదా. రా."

వెళ్ళింది. మొదటి ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఒక తండ్రి "ఇంటికెళ్ళి వంట చూసుకోవమ్మా!" అన్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఒక నాయనమ్మ గొడుగు ఊపుతూ వల దాకా వచ్చింది. ఆ సాయంత్రం లియోనా మోకాళ్ళకి నూనె రాసుకుంటూ భర్తని అడిగింది.

"ఆల్విన్, నేనూ ఇలాగే అరిచేదాన్నా?"

ఆల్విన్ రొట్టెకి వెన్న రాస్తూ ఆలోచించాడు. "ఇంకాస్త గట్టిగా" అన్నాడు.

అప్పటి నుంచి ఆమె ఒక్క శనివారం కూడా మానలేదు. ఆర్డ్‌వే గారు పోయాక ఆ మైదానానికి ఆమే పెద్ద దిక్కయింది. అరిచే తల్లిదండ్రుల్ని ఎలా కూర్చోబెట్టాలో ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. లోపల ఏం మరుగుతుందో తెలుసు, తనూ అలా మరిగిన మనిషే కదా. పైగా ఆ తండ్రుల్లో సగం మంది చిన్నప్పుడు ఆమె బస్సు ఎక్కినవాళ్ళే. ఒకసారి డ్వేన్ అనే భారీ మనిషి గ్యాలరీలో లేచి నిలబడి "నీకు కళ్ళు దొబ్బాయా?" అని అరిచాడు. లియోనా ఆట ఆపి, మాస్కు పైకి లేపి, వెనక్కి తిరిగింది.

"డ్వేన్! నాలుగో తరగతిలో నువ్వు నా బస్సులో మూడుసార్లు వాంతి చేసుకున్నావు. మూడుసార్లూ నేనే తుడిచాను. కూర్చో."

గ్యాలరీ అంతా గొల్లుమంది. డ్వేన్ కూర్చున్నాడు. ఆ సీజన్ అంతా కూర్చునే ఉన్నాడు.

గారెట్ వేమయర్ అంత తేలిగ్గా కూర్చునే రకం కాదు. బోర్లు వేసే లారీలు రెండున్నాయి, చేతికింద ఎనిమిది మంది మనుషులు. లీగ్ కమిటీకి అతనే ప్రెసిడెంట్. చెడ్డవాడని ఎవరూ అనలేరు. మైదానానికి ఎర్రమట్టి తన లారీల్లోనే తోలించాడు. వాన పడితే అందరికంటే ముందు పారతో అక్కడ ఉండేది అతనే. కాలేజీలో ఒక ఏడాది పిచర్‌గా బంతులు విసిరాడు. ఆ ఏడాదిని ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్పుకుంటాడు. అతని కొడుకు కేడ్‌కి పన్నెండేళ్ళు. ఆ వయసు పిల్లల్లో వాడి బంతిని కొట్టగలిగినవాడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడు.

కొట్టంలో గోడ మీద గారెట్ తెల్లరంగుతో ఒక చతురస్రం గీశాడు. రోజూ స్కూలుకి ముందు కేడ్ దానికి వంద బంతులు విసరాలి. ఆటలో గారెట్ సరిగ్గా వల వెనక నిలబడేవాడు. అతను టోపీ ముట్టుకుంటే కేడ్ బంతి వేగంగా వెయ్యాలి, బెల్టు ముట్టుకుంటే మలుపు తిప్పాలి. కోచ్ డానీ ప్రూయిట్ పశువుల దాణా దుకాణంలో పనిచేసే మెత్తటి మనిషి. షెడ్డులో కూర్చుని అదంతా చూసేవాడు, చూడనట్టు ఉండేవాడు.

మే నెలలో లియోనా ఒకటి గమనించింది. కేడ్ పుస్తకాల సంచి ఎప్పుడూ కుడి భుజానికే వేసుకునేవాడు, ఎడమ భుజానికి మార్చాడు. బస్సు కిటికీ ఎడమ చేత్తో తెరుస్తున్నాడు. ఒకరోజు దిగేటప్పుడు ఆపి అడిగింది.

"చెయ్యి ఏమైందిరా?"

"ఏం లేదు మిస్ లియోనా."

"ఏం లేని చేతిని అంత జాగ్రత్తగా మోస్తావేం?"

వాడు నవ్వాడు. "నాన్న అలవాటైపోతుంది అన్నారు."

ఆ సాయంత్రమే లియోనా వాడి తల్లి ట్రీసాకి ఫోన్ చేసింది. ట్రీసా మాట మధ్యలోనే "గారెట్ చూసుకుంటున్నాడండీ, అతనికి అన్నీ తెలుసు" అని పెట్టేసింది. ఆ గొంతులో విసుగు లేదు. భయం లాంటిదేదో ఉంది. లియోనా అది విన్నది, కానీ ఇంకేం చెయ్యాలో అప్పటికి తోచలేదు.

జూన్ రెండో శనివారం జిల్లా ఫైనల్. వోండ్రా క్రాసింగ్‌కీ స్వీట్ ఓక్‌కీ. గెలిచినవాళ్ళు రాష్ట్రపోటీలకి వెళ్తారు. ఈ ఊరు అక్కడి దాకా వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది. పదింటికే మట్టి కాలిపోతోంది. గ్యాలరీ నిండిపోయి, కంచె వెంబడి మడతకుర్చీలు వేసుకున్నారు. అలాంటి ఆటకి ఇద్దరు అంపైర్లు ఉండాలి, ఉన్నది లియోనా ఒక్కతే. రెండో అతను ఏప్రిల్‌లోనే తప్పుకున్నాడు. ఒక తల్లి పార్కింగ్‌లో అతని కారుకి అడ్డంగా తన కారు పెట్టి అరగంట సేపు తిట్టిపోసింది. అతను ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు.

మూడు ఇన్నింగ్స్ కేడ్ బాగానే విసిరాడు. నాలుగో దాంట్లో బంతులు పక్కకి పోవడం మొదలెట్టాయి. ఒక్కో బంతి వేశాక చేతిని తొడ పక్కన వేలాడదీసి, వేళ్ళు విదిలించుకుంటున్నాడు. వల వెనక నుంచి గారెట్ గొంతు పెరుగుతోంది.

"భుజం తిప్పు కేడ్! నిద్రపోతున్నావా? మనం దేనికోసం లేచాం పొద్దున్నే?"

లియోనా వంగి హోమ్ ప్లేటు మీద, బ్యాట్ పట్టేవాడి పక్కన నేలలో పాతిన తెల్ల పలక మీద, దుమ్ము దులుపుతోంది. ముందు కూర్చున్న క్యాచర్ చూయి బారియెంటోస్ తల తిప్పకుండా గొణిగాడు. చూయి కేడ్‌కి ప్రాణస్నేహితుడు. బస్సులో ఇద్దరిదీ ఒకే సీటు.

"మిస్ లియోనా, మీరు నా మాట వినలేదు, సరేనా?"

"ఏ మాట?"

"ఇప్పుడు చెప్పబోయేది."

"వినలేదు. చెప్పు."

"వాడు నిన్న కూడా విసిరాడండీ. పక్క జిల్లాలో, వేరే జట్టుకి. తొంభై బంతుల పైనే. వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. చిటికెన వేలు తిమ్మిరెక్కిందట, బంతి పట్టుకున్నట్టే తెలియట్లేదంటున్నాడు."

లియోనా దుమ్ము దులిపే బ్రష్షు జేబులో పెట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తింది. "ఆట ఆపండి!"

కేడ్ నిలబడిన మట్టిదిబ్బ దాకా నడిచింది. వాడు ఆమెని చూడ్డం లేదు. ఆమె భుజం మీదుగా వల వైపు చూస్తున్నాడు. ఆమె ఒక అడుగు పక్కకి వేసి సరిగ్గా మధ్యలో నిలబడింది. తండ్రి కనపడకుండా అడ్డం పడేంత వెడల్పు ఆమెకి ఉంది.

"ఇప్పుడు నన్ను చూడు. చెయ్యి ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

"చెవి దాకా ఎత్తు."

ఎత్తబోయాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. వాడి పై పెదవి వణికింది. ఏడవలేదు. ఏడవకుండా ఉండడానికి వాడు పడుతున్న పాటు చూసి లియోనా షెడ్డు వైపు చెయ్యి ఊపింది.

కోచ్ డానీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది మిస్ లియోనా?"

"పిచర్‌ని మార్చు."

"ఇవాళ అరవై ఒక్క బంతులే వేశాడండీ. ఎనభై అయిదు దాకా రూలు ఒప్పుకుంటుంది. ఒక్కసారి గారెట్‌ని అడిగి..."

"ఈ జట్టుకి కోచ్ ఎవరు డానీ?"

డానీ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఈలోగా గారెట్ గేటు తోసుకుని మైదానంలోకి వచ్చేశాడు.

"మిస్ లియోనా, ఏంటండీ ఇది? ఫైనల్ మధ్యలో?"

"పిల్లాడికి దెబ్బ తగిలింది గారెట్. దెబ్బ తగిలిన పిల్లాణ్ణి ఆడించకూడదు. ఆ రూలు కూడా పుస్తకంలో ఉంది."

"ఎక్కడ దెబ్బ? రక్తం ఉందా? వాపుందా? వాడే బాగున్నానంటున్నాడు."

"నిన్న మీరిద్దరూ ఎక్కడికెళ్ళారు?"

గారెట్ ముఖం ఎర్రబడింది. కళ్ళు గిర్రున తిరిగి చూయి వైపు వెళ్ళబోయాయి.

"అటు చూడకు" అంది లియోనా. "నాకు చెప్పింది నీ కొడుకు చెయ్యి. మే నెల నుంచీ చెబుతోంది."

"నీకెందుకు? వాడు నా కొడుకు!" గౌరవం జారిపోయిన సంగతి అతను గమనించుకోలేదు. గ్యాలరీ గమనించింది. "నా కొడుకుని ఎలా పెంచాలో బస్సు నడిపేదాని దగ్గర నేర్చుకోవాలా?"

"నీ కొడుకే. కాదన్నదెవరు? ఆట మాత్రం నాది" అంది లియోనా. గొంతు పెంచలేదు. పెంచకపోవడం చూసి ముందు వరసలో ఎవరో "అమ్మో" అన్నారు.

ఆమె వెనక్కి నడిచి మాస్కు తీసి చంకలో పెట్టుకుంది. తర్వాత ఊళ్ళో అందరూ చాలాకాలం చెప్పుకున్న పని చేసింది. పట్టీలు కట్టిన మోకాళ్ళని మెల్లగా వంచి, ఒక చెయ్యి నేలకి ఆనించి, హోమ్ ప్లేటు మీద కూర్చుంది.

"వినండి" అంది, ఈసారి ఆవులకి కూడా వినపడేలా. "ఈ పిల్లాడు వేసే బంతికి నేను స్ట్రైక్ అనను, పక్కకి పోయిన బాల్ అనీ అనను. వేరే పిల్లాణ్ణి పంపండి. లేకపోతే వేరే అంపైర్‌ని తెచ్చుకోండి. నాకేం తొందర లేదు. ఇంట్లో ఆల్విన్ వండుకుంటాడు."

గోల మొదలైంది. సగం మంది ఆమెని తిట్టారు, సగం మంది ఆమెని తిట్టినవాళ్ళని తిట్టారు. స్వీట్ ఓక్ కోచ్ "మేం గెలిచినట్టే రాసెయ్యండి" అని ఒకటే కేకలు.

గారెట్ ఆమె పక్కకి వచ్చి వంగాడు. "సోమవారం నుంచి నువ్వు ఈ మైదానంలో ఉండవు."

"ఇవాళ శనివారం కదా" అంది లియోనా. "ఇవాళ్టికి ఉన్నాను."

అయిదు నిమిషాలు గడిచాయి. ప్లేటు పెనంలా కాలుతోంది, అయినా ఆమె లేవలేదు. అప్పుడు కేడ్ మట్టిదిబ్బ దిగాడు. డానీ దగ్గరికి వెళ్ళి, ఎడమ చేత్తో బంతిని అతని అరచేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా షెడ్డులోకి నడిచాడు. గారెట్ "కేడ్!" అన్నాడు. వాడు ఆగలేదు.

లియోనా లేచింది. ఒక మోకాలు కిర్రుమంది. "పిచర్ మారాడు. ఆడండి!"

తర్వాత వచ్చిన పిల్లాడి బంతులు చుట్టాలింటికి వెళ్తున్నట్టు తాపీగా వెళ్ళాయి. వోండ్రా క్రాసింగ్ తొమ్మిది పరుగులకి నాలుగే చేసి ఓడిపోయింది. రాష్ట్రపోటీల ముచ్చట ఆ ఏడాదికి అంతే. గారెట్ ఆట అయ్యేదాకా ఆగకుండా లారీ వేసుకుని వెళ్ళిపోయాడు. కేడ్‌ని ట్రీసా తీసుకెళ్ళింది.

మంగళవారం సాయంత్రం చర్చి హాల్లో కమిటీ మీటింగు పెట్టారు. అంపైర్ హద్దు మీరిందని గారెట్ ఫిర్యాదు రాసిచ్చాడు. ఆల్విన్ బూట్లు తొడుక్కోబోతుంటే లియోనా వద్దంది.

"నువ్వొస్తే అందరూ తమ గేట్ల గురించి అడుగుతారు. ఇంట్లో ఉండు."

"క్షమాపణ చెబుతావా?" అడిగాడు ఆల్విన్.

"దేనికి?"

"ఊరికే అడిగాను" అని బూట్లు విప్పేశాడు.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. మూల బల్ల మీద కాఫీ, గసగసాల కొలాచీలు ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. గారెట్ బాగా మాట్లాడాడు. పదిహేనేళ్ళ నిరీక్షణ గురించి చెప్పాడు. పిల్లలకి కష్టపడడం నేర్పకపోతే రేపు జీవితం ఊరుకుంటుందా అని అడిగాడు. చప్పట్లు పడ్డాయి, కొందరు గట్టిగానే కొట్టారు.

లియోనా లేచింది. "నేను చేసిన పని మళ్ళీ చెయ్యాల్సి వస్తే మళ్ళీ చేస్తాను. అందుకని క్షమాపణ లేదు. మీలో కొందరికి నా రసెల్ గుర్తుండే ఉంటాడు. వాణ్ణి ఈ ఆటకి దూరం చేసింది ఏ అంపైరూ కాదు, నేనే. మీలో ఎవరు అరిచినా నాకు కోపం రాదు, ఎందుకంటే నాకంటే బాగా ఎవరూ అరవలేరు." కొందరు నవ్వారు. "నన్ను తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి. మాస్కు కారులో ఉంది. రేపు శనివారం ఆ మాస్కు పెట్టుకునేదెవరో ఇప్పుడే చెయ్యెత్తండి, తాళంచెవి ఇస్తాను."

కుర్చీలు కిరకిరలాడాయి. ఎవరో దగ్గారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

అప్పుడు చివరి వరసలోంచి ట్రీసా లేచింది. చేతిలో పెద్ద గోధుమరంగు కవరుంది. ఆమె నలుగురిలో మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

"నిన్న కేడ్‌ని సిటీలో ఎముకల డాక్టరుకి చూపించాను" అంది. "మోచేతి దగ్గర ఎదిగే ఎముక ఊడివస్తోందట. నాలుగు నెలలు బంతి ముట్టుకోకూడదన్నారు. శనివారం ఆ ఆట పూర్తయ్యేదాకా విసిరి ఉంటే ఆపరేషన్ తప్పేది కాదన్నారు."

గారెట్ లేచి నిలబడ్డాడు. "నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఇంట్లో చెబితే నువ్వు వినవు గారెట్. మూడుసార్లు చెప్పాను. ఇక్కడైతే అందరూ ఉన్నారు, వింటావని."

ఆమె మనుషుల మధ్యలోంచి నడిచి వచ్చి కవరు అతని చేతిలో పెట్టింది. గారెట్ ఎక్స్‌రే తీసి ట్యూబులైటు కింద ఎత్తి పట్టుకున్నాడు. తెల్లటి సన్నటి ఎముక, పక్కనే విడిపోతున్న చిన్న ముక్క. చదవడం రానివాడికైనా అర్థమవుతుంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టి, ఫిర్యాదు కాగితం బల్ల మీది నుంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతటితో మీటింగు అయిపోయింది. ముగిసిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

లియోనాకి గెలిచినట్టు అనిపించలేదు. జనం పలచబడ్డాక హాలు బయట గారెట్ ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చుంది.

"నీకు తొమ్మిదేళ్ళున్నప్పుడు" అంది, "ఆట ఓడిపోయిన రోజు మీ నాన్న నిన్ను వ్యాను ఎక్కనిచ్చేవాడు కాదు. ముందు తను నడుపుతూ వెళ్ళేవాడు, వెనక నువ్వు ఇంటిదాకా పరిగెత్తేవాడివి. నేను బస్సులోంచి చూశాను. రెండుసార్లు. అప్పుడు నాకు పాతికేళ్ళు లేవు, ఉద్యోగం కొత్త. ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సింది."

గారెట్ ఆమె వైపు తిరిగాడు. "మీరు చూశారా?"

"చూశాను."

అతను ఒళ్ళోని కవరుని రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను వాణ్ణి ఎప్పుడూ పరిగెత్తించలేదు" అన్నాడు చివరికి. "ఒక్కసారి కూడా. అది చాలనుకున్నాను."

"అదీ తక్కువేం కాదు" అంది లియోనా. మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. "లోపల రొట్టెలన్నీ అలాగే ఉన్నాయి. కేడ్‌కి పట్టుకెళ్ళు."

ఆ నెలలోనే గారెట్ ప్రెసిడెంటు పదవి తనంతట తనే వదిలేశాడు. కమిటీ రెండు రూల్స్ రాసుకుంది. పిల్లాడు ఎక్కడ, ఏ జట్టుకి బంతులు విసిరినా లెక్కలోకి వస్తాయి. ఆట జరుగుతుండగా వల వెనక ఏ తల్లీ, ఏ తండ్రీ నిలబడకూడదు. రెండో రూలుకి ఊళ్ళో చాలా గొణుగుడు వినపడింది. ఇద్దరు తండ్రులు పిల్లల్ని పక్కూరి లీగుకి మార్చేశారు. లియోనా వాళ్ళని ఆపలేదు. ఆగస్టులో బడి తెరిచాక కేడ్ బస్సెక్కి, ఎవరూ అడగకుండానే, చెయ్యి చెవి దాకా ఎత్తి చూపించి వెళ్ళి చూయి పక్కన కూర్చున్నాడు.

మరుసటి వసంతంలో వాడు మళ్ళీ ఆడాడు. బంతి విసరడానికి కాదు, మొదటి బేస్ దగ్గర కాపలాకి. ఆ స్థానం వాడే ఎంచుకున్నాడు. అక్కడ నిలబడితే అందరితో కబుర్లు చెప్పొచ్చట. గారెట్ మాత్రం గ్యాలరీకి రాలేదు. మైదానం చివర కంచె అవతల పికప్ ఆపుకుని, అద్దాలు పూర్తిగా ఎక్కించుకుని, ఎండలో లోపలే కూర్చునేవాడు. అలా కూర్చోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మూడో శనివారం కేడ్ బ్యాటింగుకి వచ్చాడు. రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడో బంతి ప్లేటు అంచు మీదుగా దూసుకొచ్చింది, కేడ్ కదల్లేదు.

"స్ట్రైక్! అవుట్!"

గ్యాలరీలో అందరి తలలూ ఒకేసారి కంచె అవతలికి తిరిగాయి. పికప్ తలుపు తెరుచుకుంది. గారెట్ దిగాడు. కంచె వెంబడి నడిచి, తాపీగా, మొదటి బేస్ పక్క దాకా వచ్చి ఆగాడు. లియోనా మాస్కు పైకెత్తి ఎదురుచూసింది.

"మిస్ లియోనా" అన్నాడు మామూలు గొంతుతో, "అది జానెడు బయటికి పోయిందండీ."

"లేదు గారెట్. బెత్తెడు లోపలే ఉంది."

"అక్కణ్ణుంచి నాకలా కనిపించింది."

"అంత దూరం నుంచి నా ముక్కు కూడా నీకు కనిపించదు. అక్కడ కూర్చోమన్నదెవరు నిన్ను?"

షెడ్డులోంచి కేడ్ నవ్వు వినపడింది. గారెట్ ఒక క్షణం కొడుకు వైపు చూశాడు. తర్వాత గ్యాలరీ వైపు నడిచి, పొద్దుతిరుగుడు గింజల సంచితో పై మెట్టు మీద కూర్చున్న ఆల్విన్ పక్కన చోటు చూసుకున్నాడు. ఆల్విన్ సంచి అతని వైపు జరిపాడు.

లియోనా వంగి ప్లేటు మీద దుమ్ము దులిపింది. అప్పటికే ఎండ మండుతోంది, ఇంకా మూడు ఇన్నింగ్స్ మిగిలి ఉన్నాయి. మాస్కు ముఖం మీదికి లాక్కుని, తర్వాతి పిల్లాణ్ణి రమ్మని కేకేసింది.